వెనక్కి పోని టపా

ప్రతి అక్టోబరు మూడో వారంలో గ్లెన్ హోల్వర్సన్ మ్యాపు ప్రింటు తీసేవాడు. లైంగిక నేరాలకు శిక్షపడ్డవాళ్ల జాబితా ప్రభుత్వం వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా ఉంటుంది. ఊరిపేరు కొడితే, వాళ్లలో ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో ఎర్రచుక్కలు పడతాయి. హాలోవీన్ సాయంత్రం పిల్లలు మిఠాయిల కోసం ఏ గుమ్మం ఎక్కకూడదో తెలియాలని గ్లెన్ ఆ మ్యాపును అరవై నాలుగు ప్రతులు తీసి, బెక్‌విత్ వీధిలో ఇంటికొకటి పంచేవాడు. అడుగున తన చేత్తో "మన వీధిలో చుక్కలు: 0" అని రాసి, ఆ సున్నాలో రెండు కళ్లు, ఒక నవ్వు గీసేవాడు.

ఆ వీధికి ఉత్తరాలు పంచేది అర్లీన్ ప్రూట్. ఇరవై రెండేళ్లుగా అదే రూటు. ఆమె ఇల్లు కూడా ఆ వీధి చివరే.

"ఎలాగూ ప్రతి గుమ్మం ఎక్కుతావు కదా అర్లీన్. ఈ కట్ట కూడా పెట్టెల్లో పడేద్దూ, నీ సొమ్మేం పోయింది?" అనేవాడు గ్లెన్.

"స్టాంపు లేనిది పెట్టెలో పెట్టకూడదు. ఏటా చెబుతూనే ఉన్నా నీకు."

"పిల్లల క్షేమం కంటే స్టాంపు ఎక్కువైపోయిందా?"

"నాకు జీతమిచ్చేవాళ్లకి ఎక్కువే."

గ్లెన్ నవ్వి, మ్యాపుల్ని చుట్టచుట్టి, రబ్బరు బ్యాండ్లతో ఇంటింటి తలుపు పిడికీ తగిలించుకుంటూ పోయేవాడు. ఆ వీధిలో అతని మీద ఒక్క మాట పడనిచ్చేవారు కాదు. భార్య పోయిన మనిషి, ఇంట్లోనే పిల్లలకు క్లారినెట్ నేర్పేవాడు. హాలోవీన్‌కి అందరూ చిన్నచిన్న చాక్లెట్ ముక్కలిస్తే అతను మాత్రం నిండు బార్లు ఇచ్చేవాడు.

అర్లీన్ కూతురు కోరీ పదకొండో ఏట క్లారినెట్ నేర్చుకుంటానంది. పంపేముందు అర్లీన్ లైబ్రరీ కంప్యూటరు ముందు కూర్చుని ఆ మ్యాపు చూసింది. మొగుడు లేకుండా పిల్లను పెంచుకునే మనిషి, ఏదీ చూడకుండా చేసేది కాదు. బెక్‌విత్ వీధి పొడవునా ఒక్క చుక్క లేదు. "ఫర్వాలేదు, వెళ్లు తల్లీ" అంది. కోరీ రెండేళ్లపాటు గురువారాలు వెళ్లింది. ఒకరోజు క్లారినెట్ తెచ్చి బట్టల అలమరలో అట్టడుగున పెట్టేసింది. విసుగొచ్చిందంది. అంత పెట్టి కొన్న వాయిద్యం మూలన పడేస్తావా అని అర్లీన్ కేకలేసింది. తర్వాతి గురువారం చెయ్యి పట్టుకుని మళ్లీ తీసుకెళ్లి దింపింది కూడా. ఆ ఒక్క గురువారం అర్లీన్‌కు ఇప్పటికీ గుర్తుంది.

ఇరవై ఆరో ఏట, ఫిబ్రవరి చివర్లో, కోరీ తానుంటున్న ఊరి నుంచి ఫోన్ చేసింది. అప్పటికి మూడుసార్లు మత్తుమందులు మాని, మూడుసార్లు మళ్లీ మొదలుపెట్టిన పిల్ల.

"అమ్మా, గ్లెన్ ఇంటికి నన్ను పంపేముందు మ్యాపు చూశావా?"

"చూశాను తల్లీ. ఎవరూ లేరు."

"అవును. మ్యాపులో లేడు" అంది కోరీ. తర్వాత వాతావరణం గురించి మాట్లాడింది.

రెండు వారాలకు కోరీ చనిపోయింది. శరీరంలో ఉన్న మత్తుమందు ఇద్దరిని చంపడానికి సరిపోయేదని డాక్టరు చెప్పాడు.

అంత్యక్రియల మర్నాడు గ్లెన్ బంగాళాదుంపలు, చీజు వేసి వండినది ట్రేలో పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఎంత మంచి పిల్ల" అన్నాడు. అర్లీన్ ట్రే అందుకుంది. అతను మెట్లు దిగాక అందులోది చెత్తడబ్బాలో వేసి, ట్రే తోమి, తుడిచి, మర్నాడు ఉత్తరాలతో పాటు అతని వరండాలో పెట్టింది. అప్పటికే ఆమెకు ఏం కావాలో తెలుసు. అతను చావడం కాదు. చచ్చినవాడికి వీధిలో పూలు పెడతారు. అతని ఇంటిమీద చుక్క పడాలి. అది వీధిలో ప్రతి ఒక్కరూ చూడాలి. అది చూస్తూ అతను బతకాలి.

పోలీసు డిటెక్టివ్ ఆమె చెప్పినదంతా ఓపికగా రాసుకుంది.

"మీ అమ్మాయి ఫోన్‌లో ఒక్క మాట అంది. అతను ఏం చేశాడో నేరుగా చెప్పలేదు. ఇప్పుడు తను లేదు. దీంతో నేను కోర్టుకి వెళ్లలేనమ్మా. బతికున్న మనిషి ఇంకొకరు కావాలి."

"దొరికితే?"

"దొరికితే రండి."

ఏప్రిల్ అంతా అర్లీన్ రోజూ అతని పెట్టెలో ఉత్తరాలు వేసింది. కరెంటు బిల్లు, చేపల వేట పత్రిక, మందుల పొట్లం. కిటికీలోంచి అతను చెయ్యి ఊపితే తనూ ఊపింది. ఆ ఊపిన చేతిని ఇంటికెళ్లి మోచేతిదాకా సబ్బుతో కడుక్కునేది.

మే రెండో వారంలో, పొద్దున్నే ఉత్తరాలు గూళ్లలో సర్దుతుంటే, ఆ కవరు చేతికొచ్చింది. అది ఏటా వచ్చేదే. పుట్టినరోజు కార్డు. గ్లెన్ పంపేవాడు, పది రోజులకు తిరిగొచ్చేది. కవరు మీద అడ్డంగా నల్లసిరాతో "తీసుకోను" అని రాసి ఉండేది. ఆరేళ్లుగా ఆ కార్డును తిరిగి అతని పెట్టెలో వేసింది అర్లీనే. "నీ మీద ఎవరికో బాగా కోపంగా ఉన్నట్టుందే" అని ఒకసారి నవ్వుతూ అంది కూడా. "పాత శిష్యురాలు. చిన్నప్పటినుంచీ పొగరే" అన్నాడతను.

ఉత్తరం మోసేవాళ్లు దానిమీది అడ్రసును బట్వాడాకు తప్ప దేనికీ వాడకూడదు. ఉద్యోగంలో చేరిననాడు చెయ్యెత్తి ప్రమాణం చేస్తారు. ఇరవై రెండేళ్లలో అర్లీన్ ఎవరి కవరునూ రెండోసారి చదవలేదు. దీన్ని మూడుసార్లు చదివింది. డేనికా లూట్జ్, బఫెలో. కాగితం మీద రాసుకోలేదు. మధ్యాహ్నం ఆ కవరును అతని పెట్టెలో వేసింది. ఇంటికొచ్చాక కూడా ఇంటి నంబరుతో సహా తలలో అలాగే ఉంది.

ఆ రాత్రి భోజనం బల్ల దగ్గర నాలుగు వాక్యాలు రాసింది.

"ఆ కార్డులు ఎందుకు తిప్పి పంపుతున్నారో నాకు తెలుసనుకుంటున్నాను. నా కూతురు కోరీ అతని దగ్గరికి గురువారాలు వెళ్లేది. మార్చిలో చనిపోయింది. మీరు జవాబు రాయకపోయినా మిమ్మల్ని తప్పుపట్టను."

తన డబ్బుతో కొన్న స్టాంపు అంటించింది.

తొమ్మిది వారాలు ఏమీ రాలేదు. పదో వారం ఒక పోస్టుకార్డు వచ్చింది. మీద సంతకం లేదు. ఒక ఫోన్ నంబరు, దాని కింద రెండు మాటలు: "నావి మంగళవారాలు."

అర్లీన్ ఫోన్ చేసింది. అవతల గొంతు గరుకుగా ఉంది.

"ముందొకటి చెప్పండి. మీకు కావల్సింది న్యాయమా, పగా?" అంది డేనికా.

అర్లీన్ ఆలోచించలేదు. "పగ."

"హమ్మయ్య. న్యాయం అనేవాళ్లతో వేగలేకపోతున్నాను. మనసు తేలికపడుతుందంటారు, క్షమించమంటారు. వాడికి ఎక్కడ నొప్పి పుడుతుందో చెప్పండి."

"వీధిలో. వాడి పరువంతా వీధిలోనే ఉంది."

"చిన్నప్పటి నేరం మీద కేసు పెట్టడానికి చట్టం ప్రకారం నాకింకా ఎనిమిది నెలల గడువుంది. ఎందుకు తెలుసో తెలుసా? ప్రతి పుట్టినరోజుకీ లెక్కేసుకుంటాను. పెట్టను కానీ లెక్కేసుకుంటాను. ఈసారి పెడదాం" అంది.

డేనికా అప్పటి డైరీలు దాచుకుంది. అతను రాసిన చీటీలూ దాచుకుంది. వాటిని చూశాక గ్లెన్ లాయరు విచారణదాకా పోనివ్వలేదు. ఒక నేరం ఒప్పుకుంటే మిగతావి కొట్టేసేలా బేరం కుదిర్చాడు. పదకొండు నెలలు కౌంటీ జైలు, పాతికేళ్లపాటు జాబితాలో పేరు. కోర్టులో చదివిన కాగితాల్లో కోరీ పేరు ఎక్కడా లేదు. లేదని అర్లీన్‌కు ముందే చెప్పారు. అయినా చివరి పేజీదాకా చెవొగ్గి విన్నది.

పోతూపోతూ లాయరు పోస్టాఫీసుకొక ఫిర్యాదు పంపాడు. డేనికా అడ్రసు ఈమెకెలా దొరికిందని. పోస్టుమాస్టరు వర్నెల్ తన గది తలుపు మూసి అడిగాడు. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్లు.

"తెలీదని చెప్పు అర్లీన్. ఫోన్ డైరెక్టరీలో చూశానను. నేను రాసేసుకుంటా."

"కవరు మీద చూశాను."

"నిన్ను కాపాడదామని చూస్తుంటే నువ్వేంటే బాబూ!"

"గ్లెన్ ఇన్నేళ్లూ అబద్ధం ఆడాడు వర్నెల్. నేను ఆడను."

పద్నాలుగు రోజులు జీతం లేకుండా ఇంటిదగ్గర కూర్చోబెట్టారు. ఇంకొక్క తప్పు జరిగితే ఉద్యోగం పోతుందని, దాంతోపాటు పెన్షనూ చిక్కుల్లో పడుతుందని కాగితం ఇచ్చారు. అర్లీన్ సంతకం పెట్టింది.

పై ఏడు సెప్టెంబరులో గ్లెన్ జైలు నుంచి వచ్చాడు. ఇల్లు అతని సొంతం, దగ్గర్లో బడి లేదు, అందుకని అక్కడే ఉండనిచ్చారు. అతను వచ్చిన వారానికి, ఒక మంగళవారం పొద్దున, షెరీఫ్ ఆఫీసు నుంచి కార్డుల కట్ట వచ్చింది. శిక్షపడ్డవాడు ఫలానా ఇంట్లో ఉంటున్నాడని చుట్టుపక్కల ఇళ్లకు తెలియజేసే కార్డులు. ఫోటో, పేరు, ఇంటి నంబరు, నేరం, పక్కన చిన్న మ్యాపు. మ్యాపులో బెక్‌విత్ వీధి. వీధి మధ్యలో ఎర్రచుక్క.

అరవై నాలుగు. వాటిని గూళ్లలో ఒక్కొక్కటే వేస్తుంటే వర్నెల్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఈ పూట నీ రూటు నేను తిరుగుతా. నువ్వు కౌంటరులో కూర్చో."

"నీ మోకాళ్లు ఆ మెట్లెక్కలేవు."

"నవ్వులాట కాదు. వాడు గుమ్మంలో ఉంటాడు. నువ్వు ఒక్క మాట తూలావంటే లాయరు మళ్లీ రాస్తాడు. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు."

"తూలను. ఉత్తరాలు పంచుతాను. నా పని అదే కదా."

వర్నెల్ ఆమె ముఖంలోకి చూశాడు. సంచి పట్టీ సరిచేసి భుజానికి తగిలించాడు.

అర్లీన్ ఎప్పటిలాగే ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. తొందరపడలేదు. గ్లెన్‌ది ముప్పై ఒకటి. ముందున్న ముప్పై గుమ్మాలూ ఎక్కింది. ఇరవై రెండో నంబరు ఓపల్ డీట్జ్ పెట్టె దగ్గరే నిలబడి ఉంది. కార్డు చేతిలో పడగానే కళ్లజోడు సర్దుకుంది.

"ఓరి దేవుడా! మ్యాపులు పంచినవాడే! మా మనవళ్లు వీడిచ్చిన చాక్లెట్లు సంచులతో తెచ్చుకున్నారే! చూశావా అర్లీన్, చదివావా?"

"ఇతరుల ఉత్తరాలు నేను చదవకూడదు ఓపల్."

ఓపల్ ఆమెను ఒక క్షణం చూసి, కార్డు పట్టుకుని చెప్పులతోనే ఎదురింటికి పరుగుతీసింది. అర్లీన్ ముందుకు నడుస్తుంటే వెనక ఒక్కొక్క తలుపే తెరుచుకోవడం వినిపించింది.

ముప్పై ఒకటో నంబరు వరండాలో గ్లెన్ నిలబడి ఉన్నాడు. సన్నబడ్డాడు. వీధిలోని తలుపుల చప్పుడు అతనికీ వినిపించినట్టుంది. అర్లీన్ మెట్లెక్కి కరెంటు బిల్లు, చేపల పత్రిక తీసింది. వాటిమీద కార్డు పెట్టింది, ఫోటో పైకి కనబడేలా.

గ్లెన్ చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

"నా ఇంటికి కూడానా?"

"ప్రతి ఇంటికీ."

"నువ్వే చేశావు ఇదంతా. నీకేం చేశాను నేను? నీ పిల్లకి వాయిద్యం నేర్పాను."

అర్లీన్ చెయ్యి సంచి పట్టీ మీద బిగుసుకుంది. నోట్లోకి వచ్చినవి చాలా ఉన్నాయి, పద్దెనిమిది నెలలుగా నడుస్తూ నడుస్తూ తయారుచేసుకున్నవి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. బిల్లు, పత్రిక, కార్డు పెట్టెలో వేసి మూత వేసింది.

గ్లెన్ మూత లేపి కార్డు తీసి ఆమె ముందుకు చాపాడు. "నేను తీసుకోను. తిప్పి పంపెయ్."

ఆ మాటకు అర్లీన్ ఆగింది. ఆరేళ్లు ఆ మాట రాసున్న కవర్లను ఇదే పెట్టెలో వేసింది.

"తీసుకోననడానికి వీల్లేదా? ఎవరైనా అనొచ్చు కదా!" అన్నాడు గ్లెన్.

"మామూలు ఉత్తరమైతే తిప్పి పంపేదాన్ని. ఇది మొత్తం వీధికి కలిపి పంపే టపా. వెనక్కి పోదు." కార్డు మూల ముద్రను వేలితో చూపించింది. "డబ్బు కట్టిన ముద్ర ఉంది చూడు. ఇలాంటివైతే పెట్టెలో పెట్టొచ్చని నీకు ఏటా చెప్పేదాన్ని కదా గ్లెన్."

నిబంధనల పుస్తకంలో లేని మాట ఒక్కటీ ఆమె అనలేదు. మెట్లు దిగింది. ఇంకా ముప్పై మూడు ఇళ్లున్నాయి. అన్నీ తిరిగింది.

రూటు అయ్యాక బండిలో కూర్చుని బఫెలోకి ఫోన్ చేసింది.

"పంచాను" అంది.

"వాడి చేతికిచ్చారా?"

"పెట్టెలో వేశాను. వాడే తీశాడు. తీసుకోనన్నాడు."

అవతల డేనికా కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"చెప్పండి. ఏదీ వదలకుండా చెప్పండి. వాడి ముఖం ఎలా ఉందో, ఎవరెవరు చూశారో, అన్నీ. ఈ రోజంతా నాకు పనేమీ లేదు."

అర్లీన్ ఒకటో నంబరు ఇంటి నుంచి మొదలుపెట్టింది.