గడియారం వెనక ఉత్తరాలు

మంగళవారం, శుక్రవారం నర్సు వచ్చేలోపు అమ్మ కాళ్ళ కట్లు విప్పి, బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, పుండ్ల చుట్టూ మెల్లగా కడగాలి. ఆ మంగళవారం అదే పనిలో ఉన్నాను. అమ్మ పాదం నా అరచేతిలో ఉంది. తమ్ముడు కీత్ గుమ్మంలో నిలబడి కారు తాళాలు తిప్పుతున్నాడు.

"శుక్రవారం పదకొండింటికి కౌన్సిల్ ఆవిడ వస్తోంది. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారని అడుగుతుంది. అమ్మా నేనూ అని చెప్తాను. నువ్వేం మాట్లాడకు, పాలీన్. టీ పెట్టివ్వు, చాలు."

"మరి నేను?"

"నువ్వు చూసిపోవడానికి వచ్చావు. నీకు డెరెక్ ఇల్లు ఉందిగా."

ఈ ఇల్లు మాది కాదు, ఇంగ్లండులో మా హల్ పట్టణాన్ని చూసుకునే నగర కౌన్సిల్‌ది. చేపల ఓడ మీద పనిచేసే రోజుల్లో నాన్నకు అద్దెకిచ్చారు. నాన్న పోయాక అద్దె అమ్మ పేరుకు మారింది. అలా ఒక్కసారే మారుతుంది. రేపు అమ్మ పోతే కొన్ని వారాల్లో తాళాలు అప్పజెప్పేయాలి. అందుకే వీధిలో సగంమంది తమ ఇళ్ళు కౌన్సిల్ దగ్గరే తగ్గింపు ధరకు కొనేసి తలుపులకు కొత్త రంగులు వేసుకున్నారు. అమ్మ కూడా కొనడానికి అర్జీ పెట్టింది, కానీ పింఛను మీద బ్యాంకు అప్పివ్వదు. జీతమొచ్చే మనిషి ఒకరు పక్కన సంతకం పెట్టాలి. అప్పు ఇద్దరిదీ, ఇల్లూ ఇద్దరిదీ. అయితే ఆ రెండో మనిషి ఏడాదిగా ఆ ఇంట్లోనే ఉంటున్న కుటుంబసభ్యుడై ఉండాలని కౌన్సిల్ నియమం.

నేను వచ్చి మూడేళ్ళు. రెండు వారాలకని ఒక్క సంచితో వచ్చాను. మా ఆయన డెరెక్ కారు ఇంజను కూడా ఆపకుండా గేటు దగ్గర దింపేసి వెళ్ళాడు. అమ్మ కాళ్ళు మానలేదు, నేను వెళ్ళలేదు. మెట్ల పక్కన చిన్న గదిలో పడుకుంటాను. పొద్దున్నే అమ్మకు స్నానం చేయించి, బడి వంటింట్లో రెండువందల మంది పిల్లలకు భోజనం వండి, తిరిగొచ్చి మళ్ళీ అమ్మకు వండుతాను. కానీ నా జీతం చీటీ, డాక్టరు కార్డు, ఓటు, అన్నీ డెరెక్ ఇంటి చిరునామాకే. మార్చుకోవాలని ఎప్పుడూ తోచలేదు. రెండు వారాలకని వచ్చిన మనిషి చిరునామా మార్చుకుంటుందా? ఆ ఇల్లయినా డెరెక్ ఒక్కడి పేరు మీదే ఉంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళూ అతని జీతం ఇంటి అప్పుకు, నా జీతం సరుకులకు అని అనుకున్నాం. అతని జీతం ఇటుకలయింది, నాది బంగాళాదుంపలయింది. ఇటుకలు మిగిలాయి. మా అత్తగారు చుట్టాల దగ్గర నన్ను మెచ్చుకుంటూ ఉండేది: "మా పాలీన్‌కి పట్టింపుల్లేవు, ఎక్కడ పెడితే అక్కడ సర్దుకుపోతుంది." నేనూ అది పొగడ్తనే అనుకునేదాన్ని. ఇప్పటికీ ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి డెరెక్ ఫోన్ చేస్తాడు. "ఇంటికెప్పుడొస్తావు? చొక్కాలు గుట్టపడ్డాయి." మూడేళ్ళుగా అదే మాట. నేనూ ప్రతిసారీ అమ్మ కాళ్ళ సంగతి చెప్పి పెట్టేస్తాను.

కీత్ వెళ్ళిపోయాక నా చూపు గడియారం మీద పడింది. దాని వెనక కీత్ ఉత్తరాలు. ఏడాదిగా అతని బ్యాంకు ఉత్తరాలు ఈ ఇంటికే వస్తున్నాయి. ఆదివారం వచ్చినప్పుడు చూసి మళ్ళీ అక్కడే పెట్టేస్తాడు. ఊరి బయట వాళ్ళావిడ ఇంట్లో పోస్టు సరిగా రావడం లేదేమో అనుకున్నాను. నేనే వాటిని జాగ్రత్తగా గడియారం వెనక పెట్టాను. నేనే వాటి మీద దుమ్ము దులిపాను.

పన్నెండు నెలలు. పన్నెండు ఉత్తరాలు. కాగితం మీద ఈ ఇంట్లో ఉంటున్నది కీత్. నేను లేను.

నీళ్ళలో నా చెయ్యి ఆగిపోయింది.

"చల్లారిపోతున్నాయి, తల్లీ" అంది అమ్మ. తర్వాత, "నీకీ ఇంట్లో ఉండాలనుందా?" అని అడిగింది.

"నీ కాళ్ళు నయమయ్యేదాకా ఎలాగూ..."

"నా కాళ్ళ సంగతి అడగలేదు."

నలభై ఆరేళ్ళలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. అమ్మ పాదం తువ్వాలులో చుట్టి, వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చున్నాను.

శుక్రవారం బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. కౌన్సిల్ నుంచి మిస్ హోల్‌రాయిడ్ సరిగ్గా పదకొండింటికి వచ్చింది. నా వయసే ఉంటుంది, వాన కోటు, బరువైన సంచి. కీత్ టై కట్టుకొచ్చాడు. నాన్న కుర్చీలో కూర్చుని ఉత్తరాల కట్ట ఆమె చేతికిచ్చాడు. ఆమె తారీఖులు చూసి తలూపింది. అమ్మ కాళ్ళు పీట మీద పెట్టుకుని నిమ్మళంగా చూస్తోంది.

టీ పెట్టాలని లేచాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు కూర్చో. కీత్, నువ్వు పెట్టు నాన్నా. నీ చేతి టీ తాగి ఎన్నాళ్ళయిందో."

కీత్ నవ్వుతూ వెళ్ళాడు. వంటింట్లో ఒక అలమర తెరిచిన చప్పుడు. తర్వాత ఇంకొకటి. మూడోది. టీ పొడి బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది, బిస్కెట్లు టీ డబ్బాలో ఉంటాయి. అమ్మ పద్ధతి అది. తర్వాత పొయ్యి మీట చప్పుడు. టిక్, టిక్, టిక్. మంట రాలేదు. మళ్ళీ టిక్, టిక్. లేచి వెళ్ళాలని నా కాళ్ళు రెండుసార్లు కదిలాయి. అమ్మ చెయ్యి వదల్లేదు.

"ఆ మీట పాడై రెండేళ్ళయిందండీ" అంది అమ్మ మిస్ హోల్‌రాయిడ్‌తో. "అగ్గిపెట్టె కిటికీ తెర వెనక ఉంటుంది. ఇంట్లో ఉండేవాళ్ళకి తెలుసు."

మిస్ హోల్‌రాయిడ్ కలం ఆపింది. ఉత్తరాలను, వంటింటి తలుపును, చివరికి నన్ను చూసింది. "మీరెక్కడ ఉంటారు?"

చెప్పమని అమ్మ అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. చెయ్యి మాత్రం నా చేతి మీద అలాగే ఉంది.

"ఇక్కడ" అన్నాను. "మూడేళ్ళుగా. ఇక ముందు కూడా ఇక్కడే ఉండాలని ఉంది."

"ఏదైనా కాగితం ఉందా?"

లేదని చెప్పబోయాను. అప్పుడు కుర్చీ కింద నీలం ఫైలు కనిపించింది. నర్సు బ్రిజెట్ వచ్చినప్పుడల్లా అందులో రాసి ఇంట్లోనే వదిలి వెళ్తుంది. రోజూ దాన్ని జరిపి కింద ఊడుస్తానే కానీ ఎప్పుడూ తెరవలేదు. అది అమ్మ పుండ్ల ఫైలు, నాకేం పని అనుకున్నాను. అమ్మ తలూపింది. నేను దాన్ని తీసి మిస్ హోల్‌రాయిడ్ ఒళ్ళో పెట్టాను.

ఆమె వరుసల మీద వేలు జరుపుతూ చదివింది. మొదట మెల్లగా, తర్వాత కొంచెం పైకి.

"మే 9. నేను వచ్చేసరికి కూతురు పాలీన్ కాళ్ళు కడిగి సిద్ధంగా ఉంచింది... డిసెంబరు 25. కూతురు ఉంది, నాకు కేకు పెట్టింది... ఫిబ్రవరి 3. రాత్రంతా కూతురు మేలుకునే ఉంది." పేజీలు తిప్పుతోంది. వారానికి రెండుసార్లు, మూడేళ్ళు. ఒకచోట ఆగింది. "జూన్ 18. కూతురికి జ్వరం. అయినా కట్లు విప్పి ఉంచింది. ఈమెను ఎవరు చూసుకుంటున్నారో అడగాలి."

వంటింట్లో మీట చప్పుడు ఆగిపోయింది.

కీత్ ఖాళీ చేతులతో గుమ్మంలోకి వచ్చాడు. మెడదాకా ఎర్రబడ్డాడు. అందరి మంచికే అనుకున్నాననీ, అక్కకు ఎలాగూ ఇల్లుందని అనుకున్నాననీ గొణిగాడు. మిస్ హోల్‌రాయిడ్ నా పేరు రాసుకుని, ఉత్తరాల కట్ట అతనికి తిరిగిచ్చేసింది.

"నీ ఉత్తరాలు ఏడాదిగా ఇక్కడే కాపురమున్నాయిరా, వాటినీ తీసుకుపో" అంది అమ్మ. "ముందు బిస్కెట్ తిను. టీ డబ్బాలో ఉన్నాయి."

నేను వెళ్ళి అగ్గిపుల్ల గీసి కెటిల్ పెట్టాను. నాలుగు కప్పులు. ఆ రోజు టీ పెట్టమని నన్నెవరూ అడగలేదు.

మరో రెండు నెలలకు, ఒక శుక్రవారం, అమ్మా నేనూ బ్యాంకుకు వెళ్ళాం. నాన్న అంత్యక్రియలకు కొన్న కోటు వేసుకుంది అమ్మ. బ్యాంకు కుర్రాడు కాగితాలు మా ముందు పెట్టి, మీ భర్త ఎప్పుడొచ్చి సంతకం పెడతారని నన్నడిగాడు. అమ్మ కర్రతో నేల మీద ఒక్కటి కొట్టి, ఆయన చొక్కాలతో తీరిక లేకుండా ఉన్నాడని చెప్పింది. అమ్మ పేరు కింద నా పేరు రాశాను. పదిహేనేళ్ళ అప్పు. అక్షరాలు సూటిగానే వచ్చాయి.

సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. అమ్మ కాళ్ళ కింద దిండు సర్ది వెళ్ళి ఎత్తాను.

"ఇంటికెప్పుడొస్తావు?" అన్నాడు డెరెక్.

"ఇంట్లోనే ఉన్నాను" అన్నాను.