పదకొండు డబ్బాలు

ఏడో గబ్బిలం కూడా కింద పడింది.

పైకప్పు వల నుంచి జారి, సిమెంటు నేల మీద తడిగుడ్డ పడినంత చప్పుడు చేసింది. ముద్దమ్మ చేతిలోని జామపళ్ళ పళ్ళెం పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టేస్తున్నా వంగి, రెండు చేతులతో దాన్ని ఎత్తుకుంది. ఎర్రదీపం మసక వెలుతురులో చిరిగిన ఎడమ చెవి కనిపించింది. తాతయ్య. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో తలకిందులుగా బతుకుతున్నవాడు. ఇంకా ఊపిరి ఉంది.

"నువ్వు కూడానా నాయనా," అంది.

వెనక తలుపు తెరుచుకుంది. స్టోరు మేనేజరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గడపలోనే ఆగాడు.

"ఏడోదా? ఇంకేం, తేలిపోయింది. పశువైద్యుడు వచ్చేశాడు. పన్నెండింటికి విచారణ. కారణం దొరక్కపోతే అంటురోగం కిందే లెక్క. నాలుగింటికి ఈ గది మొత్తానికి ప్రాణం తీసే సూదులు."

గది మొత్తం అంటే ముప్పై నాలుగు ప్రాణాలు. ఆమె తల ఎత్తలేదు. తాతయ్యను పాత కండువాలో చుట్టి జాకెట్టుకి ఆనించుకుంది. ఆ వెచ్చదనానికి అది కాస్త కదిలింది.

ఆ పరిశోధనశాలలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జీతాల కాగితం మీద ఉంటుంది, అంతే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పళ్ళ రసానికి గోళ్ళు ఎప్పుడూ గోధుమరంగులో ఉంటాయి. పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉంటాయి. గబ్బిలాలకు మేత తయారుచేయడం ఆమె పని. తయారుచేసిన ప్రతి మేతలోంచి ఒక ముద్ద తీసి, మూతబిగించే చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, తేదీ చీటీ అంటించి ఫ్రిజ్‌లో దాస్తుంది. శనివారం సాయంత్రం వారం డబ్బాలన్నీ తెరిచి, చూసి, కడిగేస్తుంది. ఆమె తల్లి ఆసుపత్రి వంటింట్లో వంటమనిషి. అక్కడ అదే పద్ధతి. రోగులకు ఏమైనా అయితే ముందు ఆ ముద్దనే పరీక్షిస్తారు. గబ్బిలాలకు కూడా అదేం చాదస్తమని అందరూ నవ్వి, ముద్దమ్మ అని పిలవడం మొదలుపెట్టారు.

చాదస్తం కాదు. తొమ్మిదేళ్ళ పగ.

ఆ భవనంలో గబ్బిలాలకు రెండు గదులు. తీపిగదిలోవాటికి మగ్గిన అరటిపండు, చక్కెర నీళ్ళు, అంతే. రంగులగదిలోవాటికి జామ, బొప్పాయి, అత్తి, నేరేడు, ఆ పైన ఒక చెంచా విటమిన్ పొడి. ఎందుకో ఆ పరిశోధన నడిపే డాక్టరమ్మ ఒకసారి వివరంగా చెప్పింది. "ఎగరడమంటే ఒంట్లో పొయ్యి మంట పెద్దది చేయడం, ముద్దమ్మా. అంత మంటకి లోపల తుప్పు పడుతుంది. పళ్ళ రంగుల్లో ఉన్న సరుకు ఆ తుప్పుని కడుగుతుంది. ఎంతవరకు కడుగుతుందో చూడ్డానికే ఈ రెండు గదులు."

రంగులగది రక్తం శుభ్రంగా ఉండాలి. కానీ పోయిన శుక్రవారం తీసిన రక్తంలో, నిన్న వచ్చిన ఫలితం ప్రకారం, తీపిగదికంటే రెండింతలు తుప్పు. పైగా చావులన్నీ ఈ గదిలోనే.

"వదినా."

మేనేజరు తలుపు మూసి లోపలికి వచ్చాడు. చుట్టూ ఎవరూ లేనప్పుడే ఆ పిలుపు. చుట్టాలకు ఉద్యోగాలు ఇప్పించకూడదని అక్కడ నిబంధన. అన్నని పంజరాలు కడిగే పనిలో పెట్టిన రోజునే అన్నకీ వదినకీ గట్టిగా చెప్పాడు, గేటు దాటాక మనం ఎవరికెవరం కాదని.

"రెండు గదుల పళ్ళేలూ తారుమారు అయ్యాయని నువ్వే ఒప్పేసుకో. వయసు మీద పడింది, పొరపాటు జరిగింది అంటే ఎవరూ కాదనరు. నిన్ను వంటింటి పనికి మార్పిస్తాను. ఇంట్లోవాళ్ళం, ఒకరికొకరం సర్దుకోకపోతే ఎలా?"

"మీ అన్న సర్దుకున్నట్టా?" అంది ఆమె.

అతని కనురెప్పలు టపటపలాడాయి. "చచ్చిపోయినవాణ్ణి ఇప్పుడెందుకు లాగుతావు?"

"నేను లాగడం లేదు మేనేజర్ గారూ. మీరే వదినా అన్నారు. మరిది గుర్తొస్తే మొగుడు గుర్తురాడా?"

అతను పళ్ళు నూరుకుంటూ వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళ కిందట కూడా ఇలాగే తొమ్మిది గబ్బిలాలు చచ్చాయి. తప్పతాగి మేత పాడుచేశాడని ఆమె భర్తను పనిలోంచి తీసేశారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. రెండేళ్ళు గోడవైపు తిరిగి పడుకుని, ఒకరోజు అలాగే పోయాడు. పోయేముందు ఒక్కటే చెప్పాడు: "వాడు డబ్బాలో ఏదో పోస్తుంటే చూశానే. తమ్ముడు కదా. ఎలా చెప్పను?"

ఆయన చెప్పలేదు. కాబట్టి ఆమె కాచుకుని కూర్చుంది. బద్ధకస్తుడు ఒక్కసారితో ఆగడని ఆమెకు తెలుసు.

పన్నెండుకి ఐదు నిమిషాలుండగా ఫ్రిజ్ తెరిచింది. పదకొండు డబ్బాలు. ఈ శనివారం ఆమె ఒక్కటీ కడగలేదు. ట్రేలో వరసగా పెట్టింది. చివరి నాలుగింటి దగ్గర చెయ్యి ఆగింది. అవి లేకపోయినా కథ నడుస్తుంది. అవి లేకపోతేనే ఇంకా బాగా నడుస్తుంది. ఒక్క క్షణం వాటిని చూసి, అవి కూడా ట్రేలో పెట్టేసింది. ఏ రోజు ముద్దా దాచిపెట్టే అలవాటు ఆమెకు లేదు. చంకలో విటమిన్ డబ్బా, కొంగులో ఫ్రిజ్ తలుపుకి కాగితాలు అతికించే అయస్కాంతం, గుండెల మీద తాతయ్య.

విచారణ గదిలో డాక్టరమ్మ, పశువైద్యుడు, మేనేజరు. పశువైద్యుడు ఉదయం రంగులగదికి వెళ్ళొచ్చినట్టున్నాడు, భుజం మీద పసుపు మరక.

"నెత్తిన పోస్తాయని ముందే చెప్పాల్సింది," అన్నాడు చొక్కా దులుపుకుంటూ.

"నచ్చినవాళ్ళ మీదే పోస్తాయి సారూ. మేనేజర్ గారి మీద ఇన్నేళ్ళలో ఒక్కసారీ పోయలేదు," అంది ముద్దమ్మ.

పశువైద్యుడు నవ్వాడు. మేనేజరు నవ్వలేదు. "పళ్ళేలు తారుమారు చేసింది ఈవిడే," అన్నాడు నేరుగా.

"పొడిలో ఏమైనా తేడా ఉండే వీలుందా?" డాక్టరమ్మ అడిగింది.

"వీల్లేదు. స్టోరు తాళం ఇరవై ఏళ్ళుగా నా జేబులోంచి కదల్లేదు. ఆ డబ్బా నింపేది నేనే. ఇంకొకరి చెయ్యి పడే సమస్యే లేదు."

ఈ మాట కోసమే ముద్దమ్మ నాలుగు రోజులు ఆగింది.

"సారు చెప్పింది రాసుకున్నారా?" అని పశువైద్యుణ్ణి అడిగింది.

ఆయన ఆశ్చర్యంగా కాగితం చూపించాడు. రాసుకున్నాడు.

ఆమె మూతలు తీయడం మొదలుపెట్టింది. మొదటిది పోయినవారం ఆదివారానిది. బొప్పాయి రంగు. పొడి ఆ రోజుతో అయిపోయింది. రెండోది, సోమవారానిది, తెరవగానే డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరిగింది. ముద్ద సిరాలా నల్లగా ఉంది. మంగళవారం నలుపు. బుధవారం నలుపు. శనివారం దాకా ఆరు డబ్బాలూ నలుపే.

"తుప్పు కత్తితో జామకాయ కోస్తే ఇలా నల్లబడుతుందని మా అమ్మ ఇనుపకత్తి ముట్టనిచ్చేది కాదు. నా కత్తి స్టీలుది. మరి ఇనుము ఎక్కణ్ణుంచి వచ్చింది?"

విటమిన్ డబ్బాలోంచి గుప్పెడు పొడి కాగితం మీద పోసి, పైన అయస్కాంతం తిప్పింది. బూడిదరంగు నూగు లేచి దానికి అతుక్కుంది.

"ఆదివారం పొడి డబ్బా ఖాళీ అయింది. సోమవారం పొద్దున్నకి నిండింది. కొత్త పెట్టె ఏదీ గేట్లోకి రాలేదు, కావాలంటే గేటు పుస్తకం చూడండి. కానీ పక్క విభాగంలో పందిపిల్లలకి పెట్టే, ఇనుము కలిపిన బలం పొడి మూట విప్పి ఉంది. కొత్తది తెప్పించమని కాగితం రాయడానికి బద్ధకం."

పశువైద్యుడు అయస్కాంతాన్ని దగ్గరగా చూశాడు. "పందిపిల్లల మోతాదు ఇనుము, అరచేతిలో పట్టే ప్రాణికా?"

"ఒంట్లో చేరిన ఇనుము వీటికి బయటికి పోదు," అంది డాక్టరమ్మ మెల్లగా. "అదే తుప్పు పుట్టిస్తుంది. జామపండు ఆ ఇనుముని ఇంకా లోపలికి లాగుతుంది. తుప్పు కడుగుతుందని మనం పెట్టిన పండే..." పొడి పోసిన కాగితాన్ని పక్కకి నెట్టింది. తేరుకుని, "అంటురోగం కాదు. సూదులు ఆపేయండి. ఇనుముని పట్టి లాగే మందు ఉంది, ఇప్పుడే మొదలుపెడదాం. డబ్బా నింపింది ఎవరో ఆయనే చెప్పారు కదా."

"ఆయనెవరో మీకు సగమే తెలుసు," అంది ముద్దమ్మ. తొమ్మిదేళ్ళుగా నాలుక కింద దాచుకున్న మాట బయటికి వస్తుంటే ఆమెకి నోరంతా తియ్యగా అనిపించింది. "తాగుబోతని మీరు గెంటేసిన పంజరాల మనిషి నా మొగుడు. వీడు ఆయన సొంత తమ్ముడు. నా మరిది. అప్పుడు చంపిందీ వీడే, ఇప్పుడు చంపిందీ వీడే."

మేనేజరు కుర్చీలోంచి సగం లేచాడు. "వదినా," అన్నాడు, అందరి ముందూ, మొదటిసారి.

ఆమె అతనివైపు చూడనైనా చూడలేదు. చూడక్కర్లేదు. ఆ పిలుపు చాలు.

డాక్టరమ్మ చేతులు మాత్రం మిగతా మూతలు తీస్తున్నాయి. ఆదివారం. సోమవారం. నిన్న. ఇవాళ. నాలుగూ బొప్పాయి రంగు.

"ముద్దమ్మా, ఈ నాలుగు రోజులూ పొడి పడలేదే?"

"వేయలేదు."

"అంటే శనివారమే నీకు తెలుసు."

"తెలుసు."

"నాలుగు రోజుల ముందు చెప్పి ఉంటే మందు అప్పుడే పడేది. ఆ తర్వాత ఎన్ని పోయాయి?"

"నాలుగు." ఆమె కండువా మడత తీసింది. అయస్కాంతం తిప్పుతున్నప్పుడో, మరిదిని చూపిస్తున్నప్పుడో, ఎప్పుడు పోయిందో తెలియలేదు. తాతయ్య చిన్న గోళ్ళు ఆమె జాకెట్టు దారాన్ని ఇంకా పట్టుకునే ఉన్నాయి. "ఐదు."

"ఎందుకు ఊరుకున్నావు?"

"ముందే చెబితే తాళం ఉన్నవాడు డబ్బా మార్చేసేవాడు. బయటి మనిషి ఎదుట వాడి నోటితోనే ఒప్పించాలనుకున్నాను." ఒక్కొక్క గోరూ దారం నుంచి జాగ్రత్తగా విడదీసింది. "రాసుకోండి సారూ. మొదటి రెండూ మా మరిది ఖాతా. ఈ ఐదూ చంపింది నేను."

పశువైద్యుడి కలం కదలలేదు.

తాతయ్యను కండువాతో సహా డాక్టరమ్మ చేతుల్లో పెట్టి, నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి కుర్చీ వీపుకి తగిలించి, ముద్దమ్మ బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు.

సాయంత్రం డాక్టరమ్మ మందు కలపడానికి మేత గదిలోకి వెళ్ళింది. గట్టు మీద, తోమి ఆరబెట్టిన కత్తి పక్కన, రేపటి తేదీ చీటీ అంటించి ఉన్న పన్నెండో డబ్బా మూత తీసి ఉంది, లోపల ఏమీ లేకుండా.