ఊరికే ఇచ్చిన రైఫిలు

మా అన్న ఓరిన్ ఊరికే ఏదీ ఇచ్చే మనిషి కాదు. నా పెళ్ళికి కానుకగా ఇచ్చిన ఇనప పెనాన్ని కూడా తర్వాతెప్పుడో వచ్చి, "అది అమ్మది కదే, రొట్టెలు దాని మీద కాలినట్టు ఇంకే పెనం మీదా కాలవు" అని పట్టుకుపోయాడు. అలాంటివాడు, కొండపొట్టేలు లాటరీలో నా పేరొచ్చిందని తెలిసిన వారంలోనే, దాదాపు కొత్త రైఫిలొకటి భుజానేసుకుని మా వాకిట్లో ట్రక్కు దిగాడు.

"తీసుకోవే నెల్డా. నీదే" అన్నాడు.

"ఎంతకి?"

"ఎంతకేంటే? చెల్లెలివి. మాటలు చూడు."

మా ఆయన వెర్ల్ కాఫీ గుటక అడ్డం పడి దగ్గాడు. ఆ దగ్గు ఉత్త దగ్గు కాదని నాకూ తెలుసు, మా అన్నకీ తెలుసు.

మా ఐడహోలో పెద్దకొమ్ముల పొట్టేలుని వేటాడాలంటే లాటరీలో పేరు రావాలి. మీసాలు మొలిచిన దగ్గర్నుంచీ మా అన్న ఏటా పేరు రాస్తూనే ఉన్నాడు. ఆయన మీసాలు తెల్లబడ్డాయి గానీ పేరు రాలేదు. నేను మొన్నమొన్న, "నీ పేరూ పడేస్తే పోయేదేముంది" అని వెర్ల్ పోరితే రాశాను. వచ్చేసింది. ఒక పొట్టేలుని కొట్టామంటే ఇంక జన్మలో రెండోది లేదు. కొట్టలేకపోయామా, మళ్ళీ పేరొచ్చేదాకా నా మోకాళ్ళు ఉండవు. ఉన్నది ఈ ఒక్క శరత్కాలమే.

ఆ పొట్టేళ్ళుండేది మేకలు కూడా ఎక్కడానికి ఆలోచించే చోట. గుడారం, తిండి, పక్కబట్టలు అన్నీ వీపున కట్టుకుని ఎక్కాలి. నాన్న రైఫిలు నాకు ప్రాణం. దాని గురి మీద నాకు అనుమానం లేదు. కానీ మాంసం తూచే కాటాకి తగిలించి చూస్తే గురి కోసం పైన బిగించిన దుర్భిణి, అదే స్కోపుతో కలిపి పది పౌన్ల పైన తూగింది. ఓరిన్ తెచ్చినదాన్ని తగిలిస్తే ముల్లు ఎనిమిది దగ్గర ఆగింది. అందులోనూ రెండు పౌన్లకి పైగా దానిమీద కూర్చున్న స్కోపుదే. చంద్రుడిమీద కుందేలు కనిపించేంత స్కోపు, అప్పడాల కర్రంత లావు. పసిపిల్ల నెత్తిన పెద్దాయన టోపీ పెట్టినట్టుంది.

"స్కోపు మార్చుకో. రైఫిలు మాత్రం బంగారం" అన్నాడు ఓరిన్. ట్రక్కెక్కబోతూ వెనక్కి తిరిగాడు. "ఒక్క మాట. పదేపదే పేల్చి చూడకు. గొట్టం అరిగిపోద్ది. గురి కుదిరిందా, గుడ్డలో చుట్టి పక్కన పెట్టు."

ట్రక్కు దుమ్ము సర్దుకున్నాక వెర్ల్ వాకిట్లోకొచ్చాడు.

"కొత్త గుర్రాన్నిచ్చి ఎక్కొద్దన్నాడేంటి మీ అన్న?" అన్నాడు.

"పాడవుద్దని జాగ్రత్త."

"ఆయన జాగ్రత్త ఆయన ఇంటిది. మనింటికి ఎప్పుడు పంపాడు?"

మర్నాడు స్కోపు కోసం పట్నంలో తుపాకులమ్మే గస్ కొట్టుకెళ్ళాను. దూరం చూపించేవన్నీ బరువైనవి, తేలికైనవన్నీ మసక. గస్ ఒక్కొక్కటీ బల్లమీద పెడుతుంటే నేను గుమ్మంలో నిలబడి, రోడ్డవతల ధాన్యం గోదాముమీద పావురాల్ని చూస్తున్నాను. చివరికి ఓ మధ్యరకం దొరికింది. పౌను బరువు. పొద్దు వాలాక కూడా పావురం కాలిరంగు తెలిసింది. దూరానికి తగ్గట్టు తిప్పుకునే చక్రానికి తాళం ఉంది. సంచిలో రాసుకుని దానంతటది తిరగదు. మళ్ళీ వెనక్కి తిప్పితే సున్నా దగ్గర టక్కున ఆగుతుంది.

బిగిస్తూ గస్ రైఫిలుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఓరిన్‌ది కదూ? పోయిన వేసవంతా దీని భజనే. మంచు పడ్డాక ఎందుకో దీని ఊసే ఎత్తలేదు."

"ఎందుకంటావ్?"

"నన్నడుగుతావేంటి తల్లీ? మీ అన్న, మీ ఇల్లు."

డబ్బులిచ్చి, రైఫిలు పట్టుకుని బయటికొచ్చాను.

కంకర గుంటలో కాగితం అతికించి, ఇసకసంచి మీద రైఫిలు పెట్టి, నేనూ వెర్ల్ కూర్చున్నాం. మొదటి రెండు గుళ్ళూ ఒకదాని పక్కనొకటి పడ్డాయి. వెర్ల్ బైనాక్యులర్లోంచి చూసి "ఊఁ" అన్నాడు. మూడోది కాస్త పైకి పోయింది. నాలుగోది ఇంకా పైకి, కుడికి. అయిదోది కాగితం అంచు చింపింది.

"నేను కుదిపానేమో."

"నువ్వా?" అన్నాడు వెర్ల్. నా చేతిమీద ఆయనకి నాకంటే నమ్మకం. "మళ్ళీ కొట్టు."

అలాగే కొట్టాను. ఈసారి మొదట్నుంచే చెల్లాచెదురు.

స్కోపు మరలు చూశాం, గట్టిగానే ఉన్నాయి. కొత్త స్కోపుదే తప్పేమోనని నాన్న రైఫిలు మీదున్న స్కోపు తీసి దీనికి పెట్టాం. అదే కథ. కొత్తదే మళ్ళీ బిగించాం. వెర్ల్ టోపీ తీసి మోకాలికి కొట్టుకున్నాడు.

"అర్థమైందా? వంకర రైఫిలని ఆయనకి తెలుసు. ముప్ఫయ్యేళ్ళు కాచుకున్న పొట్టేలు నీకొచ్చింది. నీకూ దక్కకూడదని ఇచ్చాడు."

"నోరు ముయ్యి. మా అన్న అలాంటి మనిషి కాదు."

అన్నానే గానీ, ఆ మాట నా చెవులకే పలచగా వినిపించింది. పోనీ అడుగుదామా అంటే, అడిగితే అబద్ధం చెబుతాడు. చెబుతుంటే ఆ మొహం నేను చూడాలి. వద్దనుకున్నాను.

ఆ తర్వాత ఓరిన్ మా ఇంటివైపు రావడం ఎక్కువైంది. కంచె తీగ కావాలని ఒకరోజు, అడవిలో ఏరిన హకిల్‌బెర్రీ పళ్ళు తెచ్చానని ఇంకోరోజు. వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పే గదిలో, రైఫిలు తగిలించిన మేకు దగ్గర కాసేపు తారట్లాడేవాడు.

"ఎక్కువ పేల్చట్లేదుగా?"

"లేదన్నయ్యా."

"ఎలా ఉంది?"

"నువ్వే చెప్పావుగా, బంగారమని."

అదోలా నవ్వి వెళ్ళిపోయేవాడు. ఆయన వెళ్ళాక నేను స్కోపు చక్రం సున్నా మీదే ఉందా అని చూసుకునేదాన్ని. సొంత అన్న వచ్చి వెళ్ళాక ఇంట్లో వస్తువు తడుముకునే బతుకయింది నాది.

ఆ అనుమానంతోనే ఒక అలవాటు చేసుకున్నాను. పొద్దున్నే ఆవులకి గడ్డి వేయబోయే ముందు, వసారాలోంచే ఒకే ఒక్క గుండు. అవతలి గట్టుకి కొట్టిన పలకమీద అదే కాగితం, మార్చకుండా. ఎవరైనా స్కోపుని కదిపుంటే తెలిసిపోతుందని నా ఎత్తు. ఒక గుండు పేల్చడం, రైఫిలు లోపల పెట్టడం, ఆవుల దగ్గరికి పోవడం. రోజూ కాగితం దగ్గరికి నడిచే ఓపిక ఉండేది కాదు, అన్నీ కలిపి ఒకేసారి చూద్దామనుకున్నాను.

ఒకరోజు గాలికి కాగితం ఊడిపోతే ఏరుకోడానికి వెళ్ళి, గట్టుమీదే కూలబడ్డాను. అన్ని పొద్దుల చిల్లులూ నా అరచేతి కింద దాక్కుంటున్నాయి.

కాగితం పట్టుకుని పరుగున వచ్చి, రైఫిలు తీసి ఆ ఉత్త పలకమీదే వరసగా అయిదు పేల్చాను. మొదటి రెండూ పక్కపక్కనే, ఆ తర్వాతవి మళ్ళీ చెల్లాచెదురు. గొట్టం మీద చెయ్యేశాను, అమ్మో అని తీసేశాను. పొయ్యిమీది పెనమే. అప్పుడు వెలిగింది. బరువు తగ్గించడం కోసం ఆ గొట్టాన్ని పిల్లనగ్రోవిలా పలచగా చెక్కారు. చల్లగా ఉన్నంతసేపూ అంత నిటారు గొట్టం లేదు. రెండు గుళ్ళు దాటి వేడెక్కిందంటే పక్కకి ఒదుగుతుంది. నాన్న రైఫిలు లావుపాటి గొట్టంతో పెరిగినవాళ్ళం, సాయంత్రం దాకా వరసగా పేల్చి చూడటమే మాకు పరీక్ష. కొండమీద చలిలో సంచిలోంచి తీసి పేల్చేది ఒక్క గుండు. ఆ ఒక్కటీ ఇది తప్పదు.

వెర్ల్‌కి చూపించాను. చిల్లుల మీద తన అరచెయ్యి ఆనించి చూశాడు.

"సరే, రైఫిలు మంచిదే. మరి మనిషి?"

"ఆ మాటే నన్నూ తినేస్తోంది."

"ఆయనకిది తెలియదు. వంకరదనే అనుకుని ఇచ్చాడు. ఇప్పుడేమంటావ్?"

ఏమంటాను? నా నడుం విరిచినంత పని చేసిన ఆ ప్రశ్నని కూడా సంచిలో వేసుకుని కొండెక్కాను. వెర్ల్ వెన్ను బాగుండదు కాబట్టి తోడు వచ్చింది ఓరినే. తనే అడిగాడు. ఎందుకు అడిగాడా అని అదీ అనుమానించాను.

రెండో రోజు పొద్దున ఓరిన్ నా భుజం నొక్కాడు. లోయకి అవతలి గట్టున, బూడిదరంగు రాళ్ళమధ్య, నాలుగు పొట్టేళ్ళు. అందులో ఒకదాని కొమ్ములు దవడ కిందనుంచి చుట్టుకుని మళ్ళీ కంటిదాకా వచ్చాయి. దూరం కొలిచే యంత్రంలో మూడొందల ఎనభై గజాలు. నేను సంచి పరుచుకుని దానిమీద రైఫిలు ఆనించాను.

"ఇంకా దగ్గరికి పోదాం" అన్నాడు ఓరిన్ గుసగుసగా.

"ఎలా? మధ్యన లోయ కనబడట్లేదా? రెక్కలేమన్నా తెచ్చావా?"

"రేపు ఇటువైపు దిగుతాయేమో."

"మబ్బు చూడు. రేపటికి మంచులో మనమే దిగలేం."

చక్రం తాళం తీసి, దూరానికి సరిపడా తిప్పడం మొదలుపెట్టాను. ఓరిన్ చెయ్యి వచ్చి స్కోపుమీద పడింది.

"కొట్టకే. దెబ్బ తిని కుంటుకుంటూ పోద్ది. అది వంకర తుపాకే."

నేను తల తిప్పలేదు. కొమ్ములవైపే చూస్తున్నాను.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయిన ఏడు నుంచి. పెద్ద దుప్పి. రెండొందల గజాలు కూడా లేదు. గుండు పక్కనించి పోయింది. నీ పేరొచ్చిందని తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు. ఏం ఆలోచించి ఇచ్చానో నాకే తెలీదు. మీ ఇంటికి వచ్చిందల్లా వెనక్కి తీసుకుపోదామనే. ఏమని అడగను?"

"నాన్న రైఫిలు ఇంటిదగ్గరే వదిలొస్తుంటే చూశావు. అప్పుడైనా చెప్పలేదేం?"

ఆయన చెయ్యి ఇంకా స్కోపుమీదే ఉంది.

"చెయ్యి తియ్యి."

"నెల్డా, నా మాట విను."

"చెయ్యి తియ్యి అన్నయ్యా."

తీశాడు. పెద్ద పొట్టేలు మలుపు తిరిగి పక్కవాటంగా నిలబడింది. ఊపిరి సగం వదిలి మీట నొక్కాను. చప్పుడు లోయంతా తిరిగి వచ్చేసరికి అది ముందుకాళ్ళ మీద కూలిపోయింది. ఇంకో గుండు ఎక్కించుకుని చూస్తూనే ఉన్నాను. కదల్లేదు.

ఓరిన్ నోరు తెరుచుకుని పొట్టేలునీ, రైఫిలునీ మార్చి మార్చి చూశాడు.

"వంకరది కదే!"

"పోయిన ఏడు దీనికి గురి ఎలా కుదిర్చావు?"

"ఎలాగేంటి? కంకర గుంటలో. వరసగా ఓ పెట్టె పేల్చాను. పైకి కుడికి పోతుంటే, స్కోపు కిందకి ఎడమకి తిప్పి సరిచేశాను."

"కాలిన గొట్టానికి గురి కుదిర్చి, చల్లటి గొట్టంతో దుప్పిని కొట్టావు."

ఆయన మొహంలో ఆ మాట దిగడం కనబడింది. కాసేపటికి రాతిమీద కూలబడి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "తప్పు నాదా" అన్నాడు, రైఫిలుతో అన్నట్టు. నాతో అనాల్సింది ఇంకోటి ఉంది. అది మాత్రం అనలేదు.

లోయ దిగి అవతలికెక్కి, తోలు తీసి మాంసం సంచుల్లో కట్టేసరికి మంచు పొడి మొదలైంది. మా వైపు పొట్టేలు తలని, దాన్ని వేటాడినవాళ్ళే మోసుకు దిగుతారు. ఓరిన్ వచ్చి కొమ్ముల మీద చెయ్యేసి నిలబడ్డాడు. వేళ్ళు కొమ్ము గీతల వెంబడే నడుస్తున్నాయి.

"కాసేపు నేను మొయ్యనా చెల్లీ?"

చివరి నిమిషంలో చెప్పాడు. చెప్పకుండా ఉండొచ్చు, చెప్పాడు. దాన్ని ఏ పక్కన వేసుకోవాలో నాకింకా తేలలేదు. తల ఆయన సంచికి కట్టి, తాళ్ళు నేనే లాగి చూశాను.

"పద. ముందు నువ్వు నడు" అన్నాను.

"దారి నీకే బాగా తెలుసు కదే."

"తెలుసు. అయినా నువ్వే ముందు నడు."

ఒక్క క్షణం నావైపు చూసి, తలొంచుకుని కదిలాడు. రైఫిలు నా భుజానే ఉంది. ఆయన్ని వెనక పెట్టుకుని నడిచేంత నమ్మకం నాకింకా రాలేదు.