కదలని చుక్క

పొద్దున లేచినప్పటి నుంచి శర్మిల ఫోన్‌లోని నీలి చుక్క కదలలేదు.

అది వాళ్ల నాన్న సురేన్ నడుముకు కట్టుకున్న పరికరం పంపే చుక్క. న్యూమెక్సికో కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడాలని ఆయన ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. గైడుతో వెళ్లేవాళ్లకు వేట పర్మిట్లిచ్చే లాటరీలో ఈసారి పేరొచ్చింది. “చుక్క కదులుతుంటే నేను నడుస్తున్నట్టే” అని చెప్పి వెళ్లాడు. ఇప్పుడది ఒక లోయ అంచున అతుక్కుపోయింది. ఇక్కడ, సగం ప్రపంచం ఇవతల వాళ్లుండే యూ టీ పేటలో ఎండెక్కింది. అక్కడ పొద్దు గూకుతోంది.

“ఏటే, పొద్దున్నించీ దాన్నే సూస్తన్నావు?” కిటికీ బయట బట్టలు ఆరేసిన కర్రను లోపలికి లాగుతూ నాన్నమ్మ పైడమ్మ అడిగింది.

“నథింగ్ లా, నాన్నమ్మా,” అంది శర్మిల అక్కడివాళ్ల ఇంగ్లీషు యాసలో.

“నథింగైతే మొకం అలా పాలిపోయిందేటి?”

శర్మిల ఇక దాచలేకపోయింది. “చుక్క ఆగిపోయింది. నాన్న ఎక్కడైనా పడిపోయాడేమో! అమ్మ ఆఫీసులో ఫోన్ తియ్యట్లేదు. నేనే వాళ్ల వేట క్యాంపుకి కాల్ చేస్తా. కానీ పేరు అడుగుతారు కదా.”

వచ్చిన చిక్కల్లా అదే. పైడమ్మ పెరిగింది మలేషియా తోటల్లో. ఆమె తాత నారాయణస్వామి అడవిపందుల వేటకు వెళితే, తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరూ ఆయన పేరు పలికేవారు కాదు. పేరు వింటే అడవి ఆ మనిషిని వదలదని భయం. సురేన్ విమానం ఎక్కిన రోజు నుంచి ఈ ఇంట్లో ఆయన ఉత్త “ఆడు”.

“పేరెత్తకు. మావోడని సెప్పు, సాలు.”

“అక్కడ అందరూ ఎవరో ఒకరి వాళ్లే, నాన్నమ్మా!”

శర్మిల క్యాంపు నంబరు నొక్కింది. అటు ఫోన్ మోగింది, ఎవరో ఎత్తారు.

“మీ వేటగాడి పేరేంటి?” క్యాంపు వంటమనిషి ఇంగ్లీషులో అడిగింది.

తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో కాఫీ అమ్మే అంకుల్‌ని పంచదార తగ్గించమని కూడా అడగలేని పిల్ల శర్మిల. నాన్నమ్మ చూపు ఆమె పెదాల మీదే ఉంది.

“హలో? లైన్‌లో ఉన్నారా?”

పైడమ్మ చటుక్కున ఫోన్ లాక్కుంది. “సురేన్! నా కొడుకు సురేన్! ఏడీ?”

అటువైపు గరగర శబ్దం. ఎవరో ఎవరినో పిలిచారు. తర్వాత రొప్పుతూ ఒక గొంతు.

“అమ్మా? ఏటయ్యింది?”

“సుక్క ఎందుకాగిందిరా?”

“దుప్పి పడిందమ్మా. మాంసమంతా ఒక్కసారికి మొయ్యలేం. చీకట్లో మళ్లీ చోటు దొరకాలని గైడు ఆ మెషిన్‌ని దాని కొమ్ములకి కట్టించాడు. ఇక్కడ ఎప్పుడూ అంతేనంట. మీకు చెప్పాలని తోచనేలేదు. ఒక తొడ మోసుకుని ఇప్పుడే వచ్చాను. మిగతా మాంసం, ఆ మెషిన్ తేవడానికి మళ్లీ వెళ్లాలి.”

ఫోన్ పక్కనే చెవి పెట్టి అంతా విన్న శర్మిల కళ్లలో నీళ్లు. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

“అవునమ్మా, ఇందాక నా పేరెట్టి అరిచింది నువ్వేనా?”

“నేనా? నేనెందుకరుస్తాను? ఇంకెవులో అయ్యుంటారు,” అంది పైడమ్మ. ఫోన్ పెట్టేసి మనవరాలి వైపు తిరిగింది. “ఆడు మళ్లీ అడివిలోకి ఎల్తన్నాడు. నోరు మూసుకుని కూకో.”

ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, చుక్క ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ.