పారిపోయిన తోకుబెయ్

మా ఇంటి పూజాపీఠంలో పొగకు నల్లబడిన, పూర్వీకుడి స్మారక ఫలకం ఒకటి ఉంది. దాని వెనక తోకుబెయ్ అన్న పేరు తప్ప మిగతా రాత అంతా చెరిగిపోయింది. పెళ్ళి చేసుకోకుండా ఈ ఇంట్లోనే ఉండిపోయిన మా మేనత్త కిమినో డెబ్బై ఏళ్ళుగా రోజూ దానికి మొక్కేది.

నేను తతామీ చాపలు కుట్టేవాణ్ణి. పని తగ్గాక, పూర్వీకుల వివరాలు రాసిపెడదామని పట్నం గ్రంథాలయంలో మా ఊరి పాత జనాభా పుస్తకాలు తిరగేశాను. తాతముత్తాతల కాలంనాటి మహా కరువు మూడో ఏటి పుటలో ఆ పేరు కనబడింది. తోకుబెయ్ భార్యనూ ముగ్గురు పిల్లలనూ వదిలి ఊరు విడిచిపోయాడట. ఆ చలికాలంలోనే ఇద్దరు పిల్లలు చనిపోయారు.

ఇంటికి వచ్చి అత్తకు చెప్పేశాను.

"ఒరేయ్ కెన్‌సాకూ, నేను పోతే నా అస్థికలు మన ఇంటివాళ్ళందరి సమాధిలో పెట్టకు. పిల్లల్ని ఆకలికి వదిలేసినవాడి పక్కన నేనుండను."

"మరెక్కడ పెట్టమంటావత్తా?"

"నీ చాపలో చుట్టి కొండమీద పారెయ్. నీ కుట్టు ఎలాగూ నెల తిరక్కుండా ఊడుతుంది."

ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి. ఈ చలికాలం దాటడం కష్టమని డాక్టరు అప్పటికే చెప్పాడు.

రెండు నెలలు చూశాను. ఆమె మనసు మారలేదు. ఇక అస్థికలకు వేరే చోటు అడుగుదామని మా బౌద్ధ గుడి గురువుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన మరణాల పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించారు.

"మీ తోకుబెయ్ అరవై ఒకటో ఏట, కరువు మొదటి ఏడే పోయాడు. పోయినవాడు రెండేళ్ళకి లేచి పారిపోయాడంటావా? మీ ఇంట్లో అంత చురుకైనవాళ్ళు ఎవరయ్యా?"

మా వైపు ఇంటి పెద్ద పోతే కొడుకు తన పేరు వదిలి తండ్రి పేరు పెట్టుకునేవాడు. నేను ఎరగని ఆచారం కాదు. పేరు కనబడగానే చదవడం ఆపేశాను, కింద రాసిన వయసు చూడలేదు. మళ్ళీ పట్నం వెళ్ళి చూశాను. ముప్ఫై నాలుగు. పారిపోయింది కొడుకు.

అత్త పక్కన కూర్చుని అంతా చెప్పాను.

"అయితే పెద్దాయన తప్పేం లేదు."

"లేదత్తా. తప్పు నాది."

"నీదే. మరి ఆ కొడుకు?"

"ఎక్కడ పోయాడో తెలీదు. ఫలకం లేదు, సమాధీ లేదు. బతికిన మూడో పిల్లాడి వంశమే మనం."

"తిండి వెతకడానికి పోయాడేమో."

"పుస్తకంలో అలా లేదు."

"రాసినవాడు అడిగి రాశాడా?"

నేను ఆమె దుప్పటి పైకి లాగాను.

"సరే, నన్ను అక్కడే పెట్టు" అంది అత్త. "రెండు నెలలు పెద్దాయన్ని తిట్టాను. దగ్గరుండి క్షమించమని అడుక్కోవాలి. చోటు కాస్త వదులుగా ఉంచు. ఆ కొడుకు ఎప్పుడైనా వస్తే ఎక్కడ పడుకుంటాడు?"

మంచు కరిగాక సమాధి రాయి జరిపి అత్త అస్థికలు పెట్టి, ఆమె చెప్పినట్టే పక్కన కొంచెం చోటు వదిలాను. అలా వదలవచ్చో లేదో గురువుగారిని అడగలేదు.