సగటు కంటే తక్కువ ఎవరూ ఉండకూడదు

తైవాన్ తీరంలో, బుదాయ్ దగ్గరి ఒక చిన్న బడిలో ఆరో తరగతికి ఐదుగురే పిల్లలు. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ తూ గారు మార్కులు చూసి లెక్కల టీచర్ యెన్‌ను పిలిపించారు.

"సగటు డెబ్బై. పెయ్‌రోంగ్‌కి నలభయ్యే. మన బడిలో సగటు కంటే తక్కువ ఎవరూ ఉండకూడదమ్మా."

"అందరి మార్కులూ కలిపి సమానంగా పంచితే వచ్చేదే సగటు సార్. ఒకరు పైనుంటే ఇంకొకరు కింద ఉండాల్సిందే."

"ఆ మాట పిల్లల ముందు అనకండి. నీరుగారిపోతారు."

వచ్చే పరీక్ష రోజు పెయ్‌రోంగ్‌కి దగ్గు రావాలని, బడికి రాకూడదని ఆయనే నిర్ణయించారు. కబురు మోసే పని మాత్రం యెన్ మీద పడింది. రేవు దగ్గర ఆల్చిప్పలు ఒలుస్తున్న తల్లి అంతా విని, "ఎన్నాళ్లు దగ్గాలి టీచర్?" అని మాత్రం అడిగింది. యెన్‌కి తలెత్తబుద్ధి కాలేదు.

సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. పెయ్‌రోంగ్ లేకపోతే సగటు ఎంతో పిల్లలే లెక్క వేసుకున్నారు. ఆ పాఠం వాళ్లకి బాగానే వంటబట్టింది. డెబ్బై ఏడున్నర. దాంతో డెబ్బై రెండు, డెబ్బై నాలుగు, డెబ్బై ఆరు వచ్చిన ముగ్గురూ ఒక్క పూటలో కిందికి జారారు. డెబ్బై రెండు వచ్చిన చెంగ్‌వే తల్లి మర్నాడు పొద్దున్నే యెన్‌కి ఫోన్ చేసింది.

"నిన్నటిదాకా మావాడు సగటు కంటే పైనే కదా. రాత్రి అన్నం తిని పడుకున్నాడంతే. ఇంతలో తక్కువెలా అయ్యాడు?"

"వాడేం చేయలేదండీ. లెక్క మారింది."

"అయితే మావాడికీ దగ్గే రాసుకోండి."

మిగతా ఇద్దరికీ అదే దగ్గు అంటుకుంది.

పరీక్షకి యూన్‌షీ ఒక్కతే వచ్చింది. తొంభై తెచ్చుకుంది. సగటు తొంభై, అంతకంటే తక్కువవాళ్లు లేరు. తూ గారు గేటుకి అభినందనల ఎర్ర బ్యానర్ కట్టించారు.

మర్నాడు యూన్‌షీ తల్లి మార్కుల కాగితంతో వచ్చింది. అందులో 'స్థాయి: సగటు' అని ఉంది.

"ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లండీ. తొంభై తెచ్చుకుని సగటు పిల్లయిందా?"

"సగటు కంటే తక్కువ కాదు కదమ్మా" అన్నారు తూ గారు.

"ఎక్కువా కాదుగా. ఆ దగ్గు పిల్లల్ని పిలిపించండి. వాళ్లు లేకపోతే మా అమ్మాయి ఎవరికంటే ఎక్కువ?"

తూ గారు బ్యానర్ దింపించి, ఐదుగురికీ మళ్లీ పరీక్ష పెట్టించారు.

పెయ్‌రోంగ్‌కి నలభై ఎనిమిది వచ్చాయి. యెన్ స్వయంగా రేవుకి వెళ్లి, ఎనిమిది పెరిగాయని చెప్పింది.

"మరి సగటెంత?" అంది తల్లి.

"ఇంకా లెక్కేయలేదు."

తల్లి నవ్వి, కూర్చోమని పక్కనున్న పీట జరిపింది.