సాక్ష్యం చెప్పిన మోకాలు

పేషెంటుతో పాటు ఒక్కరే లోపలికి రావాలన్నారు. కరోనా రూలు. ఆ ఒక్కరూ తానేనని మా ఆయన నన్ను అడక్కుండానే తేల్చేసుకున్నాడు. తొమ్మిది నెలలు మోసి కన్న నేను స్టుట్‌గార్ట్ చలిలో, మాస్కు తడిసి ముక్కుకు అంటుకుపోతుంటే, ఆసుపత్రి గేటు బయట సిగరెట్లు తాగేవాళ్ళ పక్కన నిలబడ్డాను.

కాసేపటికి ఇద్దరూ బయటికొచ్చారు. సిల్వీ ముందు, ఆయన వెనక. మా అమ్మాయి మోకాలికి నల్లటి పట్టీ వేసుకుని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి దిగుతోంది. పదిహేడేళ్ళ పిల్ల. ఏడాది కిందట ఇదే పిల్ల కొండ మీంచి మంచులో దూసుకొస్తుంటే, భయంతో నేను కళ్ళు మూసుకునేదాన్ని.

"డాక్టరు చెయ్యనంది లీలా. రెండో ఆపరేషన్ వద్దంట. దేవుడే ఆ తలుపు మూసేశాడు. మనం ఒప్పుకోవాలి," అన్నాడు ఆయన.

"ఎందుకు చెయ్యనంది?"

"ఎందుకేంటి? చెయ్యనంది, అంతే."

నేను సిల్వీ వైపు చూశాను. "డాడీని అడుగు," అని జర్మన్‌లో అనేసి కుంటుకుంటూ కారు దగ్గరికి వెళ్ళిపోయింది.

కారు హైవే ఎక్కాక వెనక సీట్లోంచి మాట వినిపించింది.

"మమ్మీ, నేను రూల్స్ ఫాలో అవ్వలేదంట. ఆపరేషన్ అయిన నాలుగో మంత్‌లోనే ఆస్ట్రియా వెళ్ళి గ్లేసియర్ మీద స్కీ చేశానంట. అట్లాంటి పేషెంట్‌కి మళ్ళీ ఆపరేట్ చేస్తే యూజ్ లేదంది డాక్టర్. మళ్ళీ తెంపుకుంటానంట."

"ఎవరు చెప్పారు నువ్వు ఆస్ట్రియా వెళ్ళావని?"

ముందు సీట్లో ఆయన అద్దంలో వెనక లారీని చూస్తున్నట్టు నటిస్తున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

"నువ్వెందుకు నోరు తెరవలేదే?"

"డాడీ అట్లా చెప్తాడని నేను అనుకోలేదు," అంది సిల్వీ.

ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో ఆ పని చేసేవాళ్ళు లేకపోయారు. మా సిల్వీ మోకాలు రెండుసార్లు తెగింది. మొదటిసారి మంచు మీద, రెండోసారి వేదిక మీద.

మొదటిది రెండువేల ఇరవై ఫిబ్రవరిలో, ఆల్‌గాయ్ కొండల్లో. స్కీ క్లబ్బు పోటీలో పడింది, మోకాలి లోపలి లిగమెంట్ తెగింది. అందులో ఎవరి తప్పూ లేదు, ఆ ఆటలో అలాంటివి జరుగుతాయి. వెంటనే కరోనా వచ్చి పడింది, అత్యవసరం కాని ఆపరేషన్లన్నీ ఆపేశారు. చివరికి జూన్‌లో చేశారు. తొమ్మిది నెలల దాకా పరుగూ వద్దు, గెంతడమూ వద్దు అన్నారు. ఫిజియో టెర్మిన్లు, అంటే అపాయింట్‌మెంట్లు, సగం రద్దయ్యాయి. పిల్ల హాల్లో చాప పరుచుకుని, లాప్‌టాప్‌లో ఫిజియో అమ్మాయి చెప్పినట్టల్లా చెమటలు కారేలా చేసింది. కళ్ళముందు బస్సు వెళ్ళిపోతున్నా పరిగెత్తేది కాదు. అంత జాగ్రత్త.

మా ఆయన జయసాగర్ జిండెల్ఫింగెన్ కార్ల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఆదివారాల్లో మాత్రం మా తెలుగు క్రైస్తవ సహవాసానికి సంఘపెద్ద. ఆ ఆదివారాల మనిషే ఎక్కువ కనిపిస్తాడు ఇంట్లో.

అక్టోబర్‌లో ఆంక్షలు కాస్త సడలి, ఒక జర్మన్ చర్చి వాళ్ళ హాలు దొరికింది. కృతజ్ఞత కూడిక పెట్టారు. కుర్చీలు దూరం దూరంగా, మూతులకు మాస్కులు, పాటలు మాత్రం పాడకూడదు. తెలుగు కూడికలో పాటలు తీసేస్తే ఇక మిగిలేది, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాలే కదా. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చినవాళ్ళు హైదరాబాద్ విమానంలో సీటు దొరికిన సాక్ష్యం చెప్పారు. జీగెన్ ఊరి నుంచి వచ్చిన కుర్రాళ్ళు వీసా సాక్ష్యం చెప్పారు. ఒకరిది విన్నాక ఇంకొకరికి ఇంకాస్త పెద్దది చెప్పాలనిపించింది. మా ఆయన అందరికన్నా చివర మైకు అందుకున్నాడు.

"డాక్టర్లు ఏడాది పడుతుందన్నారు. నా దేవుడు నాలుగు నెలల్లో బాగుచేశాడు. సిల్వీ, పైకి రామ్మా!"

పిల్ల సిగ్గుపడుతూ ఎక్కింది. నడిచి చూపించమన్నాడు, నడిచింది. హల్లెలూయా అన్నారు. అక్కడితో ఊరుకోవచ్చుగా! ఊరుకోలేదు. గెంతి చూపించమన్నాడు.

సిల్వీ తల అడ్డంగా ఊపింది. నేను ముందు వరుసలోంచి లేచి, "వద్దండీ, డాక్టరు వద్దన్నారు," అన్నాను, మాస్కులోంచే గట్టిగా. ఆయన మైకు మూతి దగ్గర పెట్టుకునే, "మా ఆవిడది ఇంకా అల్పవిశ్వాసం," అన్నాడు. హాలంతా నవ్వింది. "ఒక్కసారమ్మా, దేవుని మహిమ కోసం."

పిల్ల గెంతింది. పాదాలు నేలకు తగిలినప్పుడు మోకాట్లోంచి వచ్చిన చప్పుడు నాకు వినిపించింది. సిల్వీ అలాగే కింద కూర్చుండిపోయింది. పిల్లను పరిశుద్ధాత్మ తాకిందనుకుని వెనకాల కొందరు చేతులెత్తి స్తుతించారు. నేను వేదిక ఎక్కేదాకా అది నొప్పి అని ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజు కాలు బెణికిందన్నాడు ఆయన. స్కాన్‌లో లిగమెంట్ మళ్ళీ తెగిందని తేలాక మాట మార్చాడు. కూడిక రోజు బాగానే ఉందట, ఆ తర్వాత పిల్లే మాట వినకుండా స్కీయింగ్‌కి పోయి తెంపుకుందట. సంఘమంతా నమ్మింది. "ఆడపిల్లకి ఆ మంచు ఆటలేంటి సిస్టర్? మోకాలి నిండా గాట్లు," అని భానుమతి గారు ఫోన్ చేసి మరీ జాలిపడింది. ఊళ్ళో చినుకు తప్ప మంచు లేని అక్టోబర్‌లో ఈ పిల్ల ఎక్కడ స్కీయింగ్ చేసిందని ఒక్కరూ అడగలేదు. ఇన్నాళ్ళూ అది సంఘంలో తిరిగే అబద్ధం. ఇప్పుడు దాన్ని డాక్టరు గదిలోకి కూడా తీసుకెళ్ళాడు.

ఇంటికి రాగానే వంటింట్లో పట్టుకున్నాను.

"పిల్ల మీద అబద్ధం చెప్తారా? అదీ డాక్టరుకి?"

"నెమ్మదిగా మాట్లాడు."

"మాట్లాడను. పక్క ఫ్లాటు వాళ్ళకి తెలుగు రాదు. చెప్పండి."

ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నా పరువు కోసం అనుకుంటున్నావా? ఆ రోజు హాల్లో కొత్తగా నమ్ముకున్న కుర్రాళ్ళు ఉన్నారు లీలా. సాక్ష్యం అబద్ధమని తెలిస్తే వాళ్ళేమైపోతారు? అయినా స్కీయింగ్ మానేస్తే ఆపరేషనే అక్కర్లేదుగా. మామూలుగా నడుస్తుంది, చదువుకుంటుంది. ఏం తక్కువైంది?"

"కుర్రాళ్ళేమైపోతారో అని మీకు దిగులు. మీ కూతురు ఏమైపోయినా ఫరవాలేదు!"

"నీకు విశ్వాసం..."

"ఆ మాట మళ్ళీ అన్నారంటే ఈ గిన్నె మీ నెత్తిన వేస్తాను," అన్నాను. నేనూ ప్రార్థన చేసేదాన్నే. పిల్ల మత్తులో ఉన్నంతసేపూ కారిడార్‌లో మోకరించింది నేను. దేవుడి మీద నాకు కోపం లేదు. దేవుడికి మా అమ్మాయిని గెంతించాల్సిన అవసరమూ లేదు.

ఆ గొడవంతా సిల్వీ వింది. తన గదిలో మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది. వేరే టెర్మిన్ తీసుకుందాం, ఈసారి నేనొస్తాను, నిజం చెప్దాం అన్నాను. వెంటనే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"నాకు తెలీట్లేదు మమ్మీ. ఆపరేషన్ నాకు కావాలా, లేకపోతే డాడీ వద్దంటున్నాడు కాబట్టి కావాలా? మళ్ళీ ఇయర్ అంతా పోతుంది. ఈసారి కొత్త లిగమెంట్‌కి మంచి కాల్లోంచి టెండన్ తీస్తారు. అదీ ఫెయిల్ అయితే?" అని ఆగి, "బాగైతే ఇంకా భయం. మళ్ళీ స్టేజ్ ఎక్కిస్తాడు," అంది.

పక్కన కూర్చుని ఆ కాలు కింద దిండు సర్దాను.

రెండోసారి నేనూ సిల్వీయే వెళ్ళాం. డాక్టర్ హాగ్‌మన్‌ది పొట్టి జుట్టు, పొడుగు మనిషి. ఆమె చూపులోనే విసుగు కనిపించింది, చెప్పిన మాట వినని పేషెంటు మళ్ళీ వచ్చిందని. సిల్వీ కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది. జర్మన్‌లో, తడబడకుండా, హాలు, మైకు, నాన్న, గెంతు, అన్నీ చెప్పింది. ఆస్ట్రియా లేదు, మంచు లేదు అంది.

డాక్టరు నా వైపు తిరిగి అడిగింది, "మీరక్కడ ఉన్నారా?"

"ఉన్నాను. వద్దన్నాను. నవ్వారు," అన్నాను నా వచ్చీరాని జర్మన్‌లో.

"నాలుగో నెలలో కొత్త లిగమెంట్ చాలా బలహీనంగా ఉంటుంది," అంది ఆమె, ఈసారి సిల్వీతో మెత్తగా. "అప్పుడు గెంతితే ఎవరిదైనా తెగచ్చు. నీ మోకాలు పనికిరానిదని కాదు, నువ్వు క్రమశిక్షణ లేని పిల్లవీ కాదు. నేను నిన్ను తప్పుగా అనుకున్నాను, క్షమించు. ఆపరేషన్ చెయ్యగలను. మొదటిదంత బాగా కుదురుతుందని మాటివ్వలేను. మళ్ళీ పోటీలకి వెళ్ళకపోవచ్చు. చేయించుకోకపోతే నడుస్తావు, కానీ మోకాలు ఇలా జారుతూనే ఉంటే లోపల మిగతాది కూడా అరుగుతుంది."

"మీ అమ్మాయైతే ఏం చేస్తారు?" అని అడిగాను. మన డాక్టర్లను అలాగే అడుగుతాం కదా.

"మీ అమ్మాయి ఇక్కడే ఉందిగా, ఆమెనే అడుగుదాం," అని సిల్వీ వైపు తిరిగింది. "మీ నాన్న మొదట్లోనే సరేనని ఉంటే, నీకీ ఆపరేషన్ కావాలనిపించేదా?"

సిల్వీ ముఖం ఎర్రబడింది. వారం టైమ్ కావాలంది. తీసుకోమంది డాక్టరు. పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలని చెప్పి కాగితం నా చేతికిచ్చింది.

ఆ వారమంతా నేను నోరు కట్టేసుకున్నాను. నాకది ఎంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు. కాగితం ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది. నా సంతకం ఉంది, పక్కన ఖాళీ ఉంది. ఆయన పాల కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా దాన్ని చూడనట్టే తెరిచేవాడు. సిల్వీ రోజూ బయటికి నడవడానికి వెళ్ళేది. ఒకరోజు రోడ్డు దాటుతుంటే మోకాలు జారి పడింది, అరచేతులు గీరుకుని వచ్చింది. నేను మందు రాస్తుంటే, "మమ్మీ, డిసైడ్ అయ్యాను," అంది. "స్కీ కావాలి. రేస్ లేకపోయినా ఓకే. మెట్లు కూడా కావాలి. డాడీ మీద కోపంతో కాదు. కోపం వేరేగా ఉంది."

ఆదివారం జూమ్‌లో ఆరాధన. మా పాస్టరు రవీంద్రనాథ్ అయ్యగారు వాక్యం ముగించి ప్రార్థన విన్నపాలు చెప్పమన్నారు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారూ, మా అమ్మాయి కోసం ప్రార్థన చెయ్యండి. స్కీయింగ్ మీద ఆశ వదిలేసుకుంటోంది. డాక్టర్లు ఆపరేషన్ కుదరదన్నారు. దేవుడు మొదలుపెట్టిన స్వస్థత దేవుడే ముగిస్తాడని..."

సిల్వీ గదిలోంచి వచ్చి, కుర్చీ లాక్కుని, ఆయన పక్కన తెరలోకి వచ్చేలా కూర్చుంది.

"వందనాలు అయ్యగారూ. నేను ఆపరేషన్ చేయించుకుంటున్నాను. డాక్టర్ చేస్తానంది. నా మోకాలు స్కీ మీద తెగలేదు. నేను ఎక్కడికీ వెళ్ళలేదు. హాల్లో డాడీ గెంతమంటే గెంతాను, అప్పుడు తెగింది. మీరందరూ చూశారు. ఆపరేషన్ కోసం ప్రే చెయ్యండి. బాగయ్యాక నన్ను ఎవ్వరూ గెంతమనొద్దు."

తెర మీద చిన్న చిన్న గళ్ళలో ఉన్న మొహాలు ఒక్కటీ కదల్లేదు. భానుమతి గారు కెమెరా ఆపేసుకుంది. అయ్యగారు, "బ్రదర్, అమ్మాయి చెప్పింది నిజమేనా?" అని అడిగారు. మా ఆయన లాప్‌టాప్ మూసేశాడు.

"అంతమంది ముందు నా పరువు తీశావు," అన్నాడు.

"వాళ్ళ ముందే నన్ను గెంతించావు," అంది సిల్వీ.

నేను ఫ్రిజ్ మీంచి కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టాను, పెన్ను కూడా. అనాల్సింది పిల్ల అనేసింది. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపు చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. పెన్ను పక్కన పెట్టి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని, పిల్ల మోకాలి మీద ఉంచి ప్రార్థన చెయ్యడానికి కుడిచెయ్యి చాపాడు.

సిల్వీ కాలు వెనక్కి లాక్కుంది.

"ప్రేయర్ చేస్కో డాడీ. డాక్టర్ కోసం చెయ్యి. నా మోకాలు మాత్రం ముట్టుకోవద్దు."

ఆయన కళ్ళు తెరిచాడు. చెయ్యి అలాగే ఉండిపోయింది. తండ్రితో అలా మాట్లాడకూడదని నేను పిల్లకి చెప్పాలి. చెప్పలేదు.